పుచ్చుకోవడం నేర్చిన సరేగారు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం మన నీటి శుద్ధి కేంద్రపు ప్రయోగశాలలో సహాయకులుగా ప్రవేశించిన సరేగారు, ముప్పై అయిదు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ప్రధాన కెమిస్టు హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. "సార్, రేపు నా డ్యూటీ కాస్త..." అని ఎవరైనా నసగడం మొదలుపెట్టగానే, మాట పూర్తికాకముందే "సరే" అనేయడం వారి అలవాటు గనుక ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు ఎంతమందికి గుర్తుందో చెప్పమనండి!

తొలి అయిదేళ్లూ గంటగంటకూ నమూనాలు పట్టి, క్లోరిన్ పరీక్షించి, సీసాలను సైతం స్వహస్తాలతో కడుక్కున్న ఆ శ్రద్ధే వారిని కెమిస్టును చేసింది. నదికి వరదొచ్చి బురదనీరు తోసుకొచ్చిన ఏడాది వారు మూడు రోజులపాటు ప్రయోగశాల గడప దాటలేదు. పదేళ్ల క్రితం ప్రధాన కెమిస్టయ్యాక కూడా కుర్చీకి అతుక్కుపోకుండా, కుళాయి దగ్గర సీసా పట్టుకునే కనిపించేవారు.

సహోద్యోగుల అనుబంధం ఇచ్చిపుచ్చుకోవడం మీద నిలుస్తుందని సామాజిక శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. సరేగారు ఆ సిద్ధాంతంలో మొదటి సగమే చదివినట్టున్నారు. రెండో కెమిస్టు, అంటే వారు "చెల్లెమ్మా" అని పిలిచే సోదరి, పసిబిడ్డకు జబ్బు చేసి నలభై రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయినప్పుడు ఆమె డ్యూటీ కూడా వారే మోశారు. తమకోసం మాత్రం ఎవరినీ నోరు తెరిచి ఒక్క పూట అడిగిన పాపాన పోలేదు. మొహమాటం అనుకున్నాం గానీ, అందులో కాస్త గర్వం కూడా ఉందని ఇప్పుడు వారే నవ్వుతూ ఒప్పుకుంటారు.

ఆరేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం శుద్ధి అయిన నీరు ఉన్నట్టుండి మురికిగా తేలింది. సరేగారు హడలిపోయి పంపులు ఆపించారు. రెండు గంటలపాటు సగం ఊరికి నీళ్లు లేవు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన చెల్లెమ్మ మళ్లీ నమూనా పట్టి చూస్తే నీరు అద్దంలా ఉంది! పక్కపక్కనే ఉన్న రెండు కుళాయిల్లో, శుద్ధికాని నీటి కుళాయి కింద సీసా పెట్టేశారు మన ప్రధాన కెమిస్టు.

"ఏమైంది అన్నయ్యా? కళ్లు చూడండి ఎలా ఉన్నాయో!"

"ఏం లేదమ్మా, కాస్త నిద్ర చాల్లేదు."

అంతలో ఫోను మోగింది. చెల్లెమ్మ తీసింది. అవతల వారి సతీమణి, నీరసమైన గొంతుతో, "ఆయన భోంచేశారామ్మా? నాలుగు రాత్రులుగా ఆసుపత్రిలో నా మంచం పక్కనే కూర్చుంటున్నారు. ఆపరేషన్ అయింది నాకు, చిక్కిపోయింది ఆయన" అన్నారు.

ఫోను పెట్టేసి ఆ సోదరి వారిని ఏకిపారేసింది.

"వదినకి ఆపరేషనైతే మాకు చెప్పరా? మేమంత కానివాళ్లమా? అందరికీ చెయ్యడమే గానీ ఎవరిచేతా చేయించుకోరా? రేపు నా పిల్లకి జ్వరమొస్తే మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని అడగాలి? వద్దులెండి. ఇకమీదట నా డ్యూటీ మీరు చూడక్కర్లేదు."

పై అధికారి సంజాయిషీ అడిగితే "పొరపాటు నాదే" అని నిబ్బరంగా రాసిచ్చిన ఆ మనిషి, ఈ మాటకు మాత్రం కుదేలయ్యారు. ఇన్నేళ్ల అనుబంధం తమ చేతులారా తెగిపోతోందని అప్పటికి గాని వారికి తెలిసిరాలేదు. సీసా కడిగారు, కడిగిన సీసానే మళ్లీ కడిగారు. చివరికి "రేపు నా డ్యూటీ... నువ్వు చూస్తావా చెల్లెమ్మా?" అన్నారు.

"చూస్తాను. ముందు వదిన దగ్గరికి వెళ్లండి" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

మర్నాటి నుంచి ఆసుపత్రికి వంతులవారీగా మనవాళ్లే వెళ్లారు. అంతవరకు సరేగారిని అడగాలంటే సిగ్గుపడి ముఖం చాటేసినవాళ్లు కూడా తర్వాత నిస్సంకోచంగా అడగసాగారు. ఈ కేంద్రానికి వారు చేసిన మహోపకారం ఆ రోజు తమకోసం నోరు తెరిచి అడగడమేనని మా అభిప్రాయం.

పోయిన వారం వారు సమావేశ మందిరంలో లేచి నిలబడి, "వచ్చే నెల నాకు మోకాలి ఆపరేషన్. ఓ నెల్లాళ్లు పొద్దున పూట నన్ను నడిపించడానికి ఎవరైనా వస్తారా?" అన్నారు. ముందు ఎవరు వెళ్లాలన్న దానిమీద లేచిన గొడవకు పై అధికారి గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. తీరా విషయం తెలిశాక ఆదివారాలు తనకు వదిలేయమన్నారు!

సరేగారు, వారి సతీమణి సంపూర్ణ ఆరోగ్యంతో, ఆనందంతో శతాధిక వసంతాలు చూడాలని ఆకాంక్షిస్తున్నాం. ఆ మోకాలు మాత్రం మరీ అంత త్వరగా నయం కానక్కర్లేదు. మనలో ఇంకా వంతు దొరకనివాళ్లు పదకొండుమంది ఉన్నారు.