డాక్టరు గది దాకా తోడొచ్చిన నాగేశ్వరక్క

చలపతిరావన్నా, భువనా, సినిమావాళ్ళు, మా వెంగళరావు నగర్ గల్లీవాళ్ళు... అందరికీ నమస్కారం. పని దినం నాడు ఈ ఫిల్మ్‌నగర్ హాలు ఇట్ల నిండుతదని నేననుకోలే. కుర్చీలు చాలక గోడలకు ఆనుకొని నిలబడ్డరు. నాగేశ్వరక్క ఇంక లేదు అనే మాట ఇంతమంది ముందు అనాలంటే నోరు రాట్లేదు. అయినా అనాలె. అక్క లేదు.

నా పేరు మనోజ. మాదాపూర్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీల పని చేస్త. మీకు ఆమె డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద ఎందరు హీరోయిన్లు నవ్వినా, ఏడ్చినా, ఆ గొంతు అక్కది. నాకు మాత్రం ఆమె మా వెనక గల్లీల అక్క.

ఏడెనిమిదేండ్ల కింద అక్కకు కడుపు ఉబ్బరం మొదలైంది. రెండు ముద్దలు తింటే చాలు, నిండిపోయేదట. గ్యాస్ అనుకున్నది. మనం ఆడోళ్ళం అట్లనే అనుకుంటం కదా? నెలలు గడిచినంక స్కానింగు, రక్తపరీక్షలు చేసి, అండాశయానికి క్యాన్సర్ అన్నరు. ఆ రోజు సంగతి నాకు అక్కనే చెప్పింది. "ఆ మాట తర్వాత డాక్టరుగారి పెదాలు కదలడమే కనపడింది మనోజా, మాట వినపడలేదు" అన్నది. ఆలోచించండి! పెదాల కదలిక చూసి మాట పలుకుడే బతుకైన మనిషి. ఆమెకే ఆ రోజు మాట వినరాలే.

దవాఖాన నుంచి వస్తుంటే, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటినంక, వాళ్ళాయన చలపతిరావన్నను కారు పక్కకు ఆపమన్నదట. "ఏవండీ, ఇవాళ నేనేమీ తేల్చుకోలేను. ఇవాళ ఏడుస్తాను. రేపు మళ్ళీ వెళ్ళి, మొదటి నుంచి చెప్పమని అడుగుదాం" అన్నదట. చలపతిరావన్న కూడా ఏడ్చిండు. తెల్లారి ఇద్దరూ పోయి, అర్థం కానిదల్లా మళ్ళమళ్ళ అడిగిండ్రు. సాయంత్రం బిడ్డ భువనను కూసోబెట్టి, దాచకుండ చెప్పిండ్రు. ధైర్యం అంటే ఏడ్వకపోవుడా? అక్క మస్తు ఏడ్చింది. ఏడ్చినంక లేచి అడిగింది.

ఆపరేషన్ అయింది. కీమోకు జుట్టంత ఊడింది. తలకు స్కార్ఫ్ కట్టుకొని స్టూడియోకు పోతే, డైరెక్టరు మొహమాటపడి "రెస్ట్ తీసుకోండమ్మా" అన్నడట. "గొంతుకి జుట్టెందుకండీ, మైకు పెట్టండి" అన్నదట అక్క! ఆ పూట పెండ్లికూతురు పడీపడీ నవ్వే సీను. ఆయాసం వస్తే కూసునేది, జర తగ్గితే మళ్ళ లేచేది. ఆ సినిమా నేను చూసిన. ఆ నవ్వుల ఎక్కడా రోగం జాడ లేదు.

రోజూ అట్లనే ఉన్నదంటే అబద్ధమైతది. కొన్ని దినాలు గది తలుపు తీయలే. భువన అన్నం కలుపుకొని తలుపు ముందటనే కూసునేది.

తర్వాత కొన్నేండ్లకు అదే రోగం నాకొచ్చింది. ఆఫీసుల కంప్యూటర్ ముందు కూసొని, ఎంతమంది బతుకుతరు, ఎంతమంది పోతరు, గదే చదివిన. ఇంటికొచ్చి మంచమెక్కిన. మా అత్తమ్మ అనసూయమ్మ కూరగాయల బండికాడ ఏడ్చుకుంట అక్కకు చెప్పింది. అక్క సక్కగ మా ఇంటికొచ్చింది. అత్తమ్మ అన్నది: "ఏం పాపం జేసినమో నాగేశ్వరీ!" అక్క ఆమె చెయ్యి పట్టుకొని, "పాపం కాదండీ, రోగం. మందుంది" అన్నది. తర్వాత నా దిక్కు తిరిగింది. "ఆ లెక్కలు వేలమందివి. అందులో నీ సంగతెక్కడుంది? నీ డాక్టర్ని అడుగుదాం" అన్నది. ఏం ఫికర్ లేదు, నయమైతది అని అక్క గూడ అంటదనుకున్న. అనలే. "నయమవుతుందో లేదో నాకు తెలీదమ్మా. రేపు నీతో వస్తాను. అది మాత్రం తెలుసు" అన్నది.

వచ్చింది. డాక్టరు గది దాకా, లోపలికి గూడ వచ్చింది. భయానికి నేను మర్చిపోయిన ప్రశ్నలు ఆమె అడిగింది. ఆమె తోడుంటేనే నేను వైద్యం చేయించుకున్న, అందుకే ఇయ్యాల మీ ముందు నిలబడ్డ.

అక్కకు రోగం మళ్ళ వచ్చింది. ఒకసారి తగ్గింది. తర్వాత ఇంకోసారి వచ్చింది, ఈసారి తగ్గలే. క్యాన్సర్ మీద ఓడిపోయింది అని ఎవరో అంటుంటే విన్న. నేనొప్పుకోను. ఈ ఏడెనిమిదేండ్లు అక్క బతికిన బతుకంతా ఎటుపోతది?

కృష్ణానగర్ నుంచి బాలమణి వచ్చింది, ఆ తలుపు పక్కన ఉన్నది. సినిమాలల్ల డాన్సర్. మొన్న చలికాలం ఆమెకు ఇదే రోగమని తేలింది. అక్క ఆఖరిసారి నాతోని మాట్లాడింది ఆమె గురించే. "వచ్చే వారం బాలమణికి స్కాన్ ఉంది. నేను వెళ్ళలేను. నువ్వెళ్ళు." నిన్న మేమిద్దరం పోయినం. గడ్డ చాలావరకు కరిగింది, మందు పనిచేస్తున్నది అన్నడు డాక్టరు. బాలమణి నన్ను పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చిన.

అమ్మలారా, అక్కలారా, ఒక్క మాట. ఈ హాలుల ఎవరికన్న ఈ మధ్యనే డాక్టర్లు క్యాన్సర్ అని చెప్పి ఉంటరు. ఇంట్ల గూడ చెప్పుకోలేక వచ్చి కూసున్నరేమో. సభ అయినంక నా దగ్గరికి రండి. రేపు డాక్టరు దగ్గరికి నేనొస్త.

ఇప్పుడు అక్క కోసం అందరం లేచి నిలబడదాం. లేవలేనోళ్ళు కూసునే ఉండండి. పక్కనున్నోళ్ళ చెయ్యి పట్టుకోండి. కాసేపు ఎవ్వరం మాట్లాడొద్దు.