గట్టి టైర్లు

మండపేటలో ఒక టైర్ల షాపు. ఓనరుతో పాత కస్టమరు మాట్లాడుతున్నాడు.

"నాలుగూ రన్‌ఫ్లాట్ టైర్లు వేసేయండి."

"కిందటేడు నేను చెబితే వద్దన్నారు కదండీ?"

"నేను కాదండి, మా ఆవిడ. ఆ కుదుపులకి తన నడుం విరిగిపోద్దంది."

"మేడమ్‌గారన్నది నిజమేనండి. గాలి పోయినా బండిని మొయ్యాలి కాబట్టి పక్కలు గట్టిగా ఉంటాయి. మన రోడ్ల మీద ప్రతి గొయ్యీ తెలుస్తుంది. గాలి లేకుండా నడిపాక ప్యాచ్ వెయ్యడం కూడా కుదరదు, టైరే మార్చాలి."

"గాలి పోయాక ఎంత దూరం వెళ్తుందండి?"

"నెమ్మదిగా వెళ్తే ఎనభై కిలోమీటర్లు."

"అంటే రోడ్డు మీద దిగక్కర్లేదు."

"అక్కర్లేదండి. మరి మేడమ్‌గారు ఒప్పుకున్నారా?"

"ఆవిడ ఇక లేదండి. డిసెంబర్లో కాలవ రోడ్డు మీద పంక్చరైంది. తెల్లారినా మంచు విడలేదు. నేను స్టెప్నీ మారుస్తుంటే, తను వెనక నిలబడి ఎర్ర శాలువా ఊపింది. 'లారీల సంగతి నేను చూసుకుంటాను, మీరు బోల్టులు బిగించండి' అంది."

"అయ్యో! నాకు తెలీదండి."

"ఎలా తెలుస్తుందిలెండి."

"ఇప్పుడు కారు ఎవరు నడుపుతున్నారండి?"

"మా అమ్మాయి. రాజమండ్రి కాలేజీలో లెక్చరరు. రోజూ వెళ్ళొస్తుంది."

"రోజూ అంత దూరమంటే ఈ టైర్లతో నడుం నొప్పెడుతుందండి."

"పెట్టనివ్వండి. ఇంటికొచ్చి నన్ను తిట్టనివ్వండి."