సలాం మేస్త్రీ నటించలేదు

అందరికీ నమస్కారమండీ. కలిదిండి, ఉండి ఊళ్ల నుంచి పనులు మానుకుని వచ్చిన తోటి మెకానిక్‌లకూ, మేస్త్రీ గారి బంధువులకూ, ఆయన భార్య మరియంబీ గారికీ నమస్కారం. అబ్దుల్ సలాం మేస్త్రీ గారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. మంగళవారం పొద్దున టీ తాగుతూ ఉండగా గుండె ఆగిపోయింది. నాకింకా ఏడుపు రాలేదండీ. ఎందుకు రాలేదో కూడా తెలియడం లేదు.

నా పేరు ఏసోబు. తాడేపల్లిగూడెంలో ఆయన షాపులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కాలిపోయిన మోటారు విప్పగానే ఏ కాయిల్‌కు ఎన్ని చుట్లో పుస్తకం తీయకుండా చెప్పేవారు ఆయన. మీకు తెలియనిదా?

నాలుగేళ్ల కిందట కలిదిండిలో ఒక చేపల చెరువు గట్టు మీద ఆయన మోటారు స్టార్టర్ పెట్టె విప్పారు. కరెంటు లైను ఆపేశామన్నారు చెరువువాళ్లు. ఆపలేదు. చెయ్యి అతుక్కుపోయింది. ఎండు కర్రతో కొట్టి విడిపించాను. అరచెయ్యి కాలింది, మూడు వారాల్లో మానింది. బతికి బయటపడ్డారు అనుకున్నాం.

బయటపడ్డారా?

రెండు నెలల తర్వాత ఒక చిన్న మోటారు ముందు కూర్చున్నారు. మూడంటే మూడు వైర్లు. ఏది దేనికి కలపాలో తెలియలేదు. కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితం ఎక్కడ పెట్టారో మరిచిపోయారు. ఏనాడూ గొంతు పెంచని మనిషి నా మీద స్పానర్ విసిరారు. వెంటనే నా చెయ్యి పట్టుకుని, "తగల్లేదు కదా ఏసోబూ?" అన్నారు.

ఏలూరులో తలకు స్కాన్ తీయించారు. అంతా నార్మల్ అని వచ్చింది. ఇక అప్పటి నుంచి నాటకం అన్నారు, పని ఎగ్గొడుతున్నాడన్నారు. ఎవరన్నారు? నేనూ అన్నాను. చెరువు యజమాని తరఫు మనిషి వచ్చి మేస్త్రీ గారికి ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉన్నారండీ, రిపోర్టు నార్మలే కదండీ" అన్నాను. మేస్త్రీ గారు పక్కనే ఉన్నారు. విన్నారు. ఆ మనిషి వెళ్లాక, "నేను నటిస్తున్నానేమో ఏసోబూ. నాకూ తెలియట్లేదు" అన్నారు.

నమ్మింది మరియంబీ గారు ఒక్కరే. ఏ రోజు ఏం మరిచిపోయారో, ఏ మాట మధ్యలో ఆగిపోయారో ఒక పాత డైరీలో రాశారు. ఆ డైరీ పట్టుకుని ఏడాదికి పైగా ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. చివరికి, కరెంటు దెబ్బ తిన్నవాళ్ల మెదడు మీద పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ దొరికారు. ఆవిడ మేస్త్రీ గారిని స్కాన్ మిషన్‌లో పడుకోబెట్టి, ఊరికే ఫోటో తీసి వదిలేయలేదు. తెర మీద ఒక చుక్క చూపించి, కాసేపాగి, అది ఎక్కడ కనపడిందో గుర్తు చేసుకోమన్నారు. ఆయన అలా గుర్తు చేసుకుంటూ ఉండగా మెదడు ఎలా పనిచేస్తోందో చూశారు.

"ఆకారం బాగానే ఉందండీ. పనిచేసే తీరు మారింది. మనం తేలిగ్గా చేసేదానికి ఈయన మెదడు చాలా కష్టపడుతోంది. ఈ ఒక్క స్కాన్ చూసి అనట్లేదు. జ్ఞాపకశక్తి పరీక్షలూ, ఈ డైరీ కూడా కలిపి చూసి చెబుతున్నాను" అన్నారు డాక్టరమ్మ.

మందు ఉందా అని మేస్త్రీ గారు అడగలేదు. "అయితే నేను నటించలేదన్నమాటేనాండీ?" అని రెండుసార్లు అడిగారు. "మీరు నటించలేదండీ" అన్నారావిడ. ఆయన తల వంచుకుని ఏడ్చారు. నేను వరండాలోకి వెళ్లిపోయాను.

ఆయన మళ్లీ మోటార్లకు చుట్లు చుట్టే వైండింగ్ పని చేయలేకపోయారు. అయినా మేం ఏ చెరువుకు వెళ్లినా వెంట వచ్చి, పని అయ్యేదాకా మెయిన్ స్విచ్ దగ్గర నిలబడేవారు. పోయినేడు ఉండిలో ఒకాయన విసుక్కుని స్విచ్ వేయబోతే అడ్డంగా నిలబడి, "మావాడు లైను మీద ఉన్నాడండీ" అన్నారు.

లైను మీద ఉన్నది నేను.

ఆయనకు నేను క్షమాపణ చెప్పలేదు. రోజూ కనపడే మనిషే కదా, ఎప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను. మరియంబీ గారూ, ఇంతమంది ముందు మీకు చెబుతున్నాను. రోజూ పక్కన కూర్చుని చూస్తూ కూడా నేను మనిషిని నమ్మలేదు, రిపోర్టును నమ్మాను. తప్పు చేశానమ్మా.

తమ్ముళ్లూ, షాక్ కొట్టాక మీలో ఎవరికైనా మతిమరుపు వస్తే, లేనిపోని కోపం వస్తే, దాచుకోకండి. పక్కవాడు చెబితే నవ్వకండి.

అందరూ ఒక్కసారి లేవండి. రెండు నిమిషాలు ఆయన్ని తలుచుకుని మౌనంగా ఉందాం. మరియంబీ గారూ, మీరు లేవొద్దమ్మా. ఆయన పక్షాన ఇన్నాళ్లూ మీరొక్కరే నిలబడ్డారు. ఇవాళ మమ్మల్ని నిలబడనివ్వండి.