ఖైసర్ బీపీ మిషిన్

ఖైసర్ ఎవరని అడుగుతున్నవా శంకరూ? కూసో, సవారీలు వచ్చేదాక చెప్త. ఈ శంషాబాద్ ఆటో అడ్డా మీద అసొంటి మనిషి ఇంకోడు పుట్టలే. ఎయిర్‌పోర్ట్ తెరిచిన కొత్తల, గగన్‌పహాడ్ కాడ సవారీని దించుతనే తలకాయ పట్టుకొని పడ్డడు. దవాఖానల స్కానింగ్ తీస్తే ఏముంది, తలల నరాలు పుట్టుకతోనే దారపుండ లెక్క చిక్కువడి ఉన్నయంట, అండ్ల ఒకటి పలిగి నెత్తురు కారింది. ఎట్లనో బతికిండు. డాక్టరమ్మ ఏమన్నది? "బీపీ పెరగనియ్యకు, సిగరెట్ బంద్ చెయ్. అయినా ఒకసారి కారిన నరం మళ్ల కారే భయం ఎక్కువ, నీదేమో లోతుల ఉంది. ఆపరేషన్ చేపిచ్చుకో." మనోడు మొదటి ముక్కొక్కటే చెవులేసుకున్నడు. బీపీ మిషిన్ కొని ఆటోల పెట్టుకున్నడు. ఇగ చూడు తమాష! సవారీ బేరమాడితే చాలు, చేతికి పట్టీ చుట్టుకునుడే. "జర చూడు సాబ్, మీరొచ్చినప్పుడు నూట ఇరవై, ఇప్పుడు నూట నలభై. ఇంక గుంజితే నన్ను మీరే దవాఖానకు తోల్కపోవాలె." వాళ్లు బెదిరి ఎక్కి కూసునేటోళ్లు. మాకు నవ్వలేక కడుపు నొచ్చేది.

గని ఆపరేషన్ మాటెత్తితే గదే మిషిన్ చూపిచ్చేటోడు. "నూట ఇరవై ఉంది బిక్షం భాయ్, నాకేమైతది?" లోపల భయం. "తలల చెయ్యి పెడితే సకీనా పేరు మర్చిపోతనేమో" అన్నడు ఒకనాడు. సకీనా అంటే వాని పెండ్లాం. నా నోరాగలే, ఆమెకు చెప్పిన. తెల్లారి అన్నం డబ్బా పట్టుకొని అడ్డా మీదికొచ్చింది. ఈయన నూట ఇరవై అని మురుస్తుండు. పట్టీ గుంజుకొని తన చేతికి చుట్టుకుంది. నూట డెబ్బై! "చూడుండ్రి. నరం మీ తలల ఉంది, బీపీ నాకెక్కింది. ముందు నేనే పోతే, ఎవరి పేరు యాదికుంచుకుంటరు?" ఖైసర్ గా అంకె దిక్కు చూసి, చూసి, ఆటో తాళంచెవి నా చేతుల పెట్టిండు. "చల్ సకీనా, పోదాం."

తొడ కాడి నుంచి తల దాక సన్న గొట్టం పంపి నరాన్ని మూసిండ్రు. తెలివొచ్చినంక డాక్టరమ్మ "నీ పేరేంది?" అంటే "సకీనా" అన్నడంట! నర్సులంత పరేషాన్, పేషెంటు సొంత పేరు మర్చిపోయిండని. సకీనా ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆనంక పదకొండేండ్లు బతికిండు, గట్లనే ఆమెతోని కొట్లాడుకుంట. పోయింది కామెర్లతోని, గా నరంతోని కాదు. సకీనా ఇప్పుడు కొత్వాల్‌గూడల బిడ్డ కాడ ఉంటది. మొన్న పోయిన. నన్ను చూసి నవ్వి, మళ్ల తలుపు దిక్కు చూసింది, నా ఎనక ఇంకెవరన్న వస్తున్నరేమో అన్నట్టు...

లే శంకరూ, గా పెట్టెలోళ్లు నీ దిక్కే వస్తున్నరు.