కథలో చెల్లెలు

పత్రికలో అచ్చయిన అక్క కథను చెల్లెలు బల్ల మీద విసిరింది.

"ఇందులో మంచాన పడ్డ అమ్మకి ఒళ్ళు తుడిచిందెవరక్కా?"

"కథ చెప్పే కూతురు."

"అంటే నువ్వు. గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకునే చెల్లెలు నేనన్నమాట."

"కథన్నాక కాస్త మారుస్తామే."

"చాకిరీ చేసినదాన్ని గుమ్మంలోకి నెట్టి, రానేరానిదానివి మంచం పక్కన చేరావు. ఎందుకు రాసినట్టు?"

"చదివినవాళ్ళంతా ఏడ్చారే! 'పెద్దదే నా ప్రాణం' అన్న అమ్మ చివరి మాట దగ్గరైతే మరీను."

"అదొక్కటే మార్చలేదు. నేను ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టు దింపావు."

"నిజం కనక!"

"అమ్మ ఆ మాట అనలేదక్కా. చివరిచూపుకి రాలేదని నువ్వు కుమిలిపోతుంటే, వినలేక నేనే అల్లాను."