పెదనాన్న ఒంట్లో సీజియం

చెర్నోబిల్ అణుధూళి వానతో కలిసి కురిసిన నాటి నుంచి, ఉత్తరాది మంచుదేశపు స్నోసా కొండల్లో రెయిన్‌డీర్ల కాపరుల ఒంట్లో ఆ ధూళిలోని సీజియం ఎంతుందో ఏటా కొలుస్తారు. ఆ ధూళి పడ్డ నాచు మేసే రెయిన్‌డీర్ల మాంసమే వాళ్ల తిండి. బడి గదిలో ఒక పెద్దాయన ఒళ్లో యంత్రం పెట్టుకుని వంగి కూర్చున్నాడు. కొలిచే అమ్మాయి ఆయన తమ్ముడి కూతురు.

"కదలకు పెదనాన్నా, యంత్రం అలుగుతుంది."

"పసిపిల్లలా ఒళ్లో పెట్టావు, జోకొట్టొద్దా మరి?"

"ఇక లే. ఇదేంటి, పోయినేడు ఉన్నదాంట్లో సగం కూడా లేదు?"

"మంచిదేగా. మాంసం తగ్గించమని ఇన్నేళ్లూ నా ప్రాణం తీసింది నువ్వే."

"నువ్వు నా మాట విన్నావంటే యంత్రమే చెడిపోయుండాలి. నిజం చెప్పు, ఏం తింటున్నావు?"

"కొట్లో అమ్మే సాసేజీలు."

"వాటిని కుక్క కూడా ముట్టదన్నావుగా?"

"దానికీ అలవాటైంది, నాకూ అయింది."

"అంత మంద పెట్టుకుని ఇదేం ఖర్మ?"

"మీ పెద్దమ్మ పోయాక ఆ పెద్ద కుండ పొయ్యెక్కలేదే. మూలుగ ఎముకలు ఒక్కడి కోసం ఎవరు ఉడకేసుకుంటారు? అలా చూడకు. తగ్గిందని రాసుకో."

"రాస్తాలే. శనివారం మా ఇంట్లో ఎముకలు ఉడకేస్తున్నాం. రావాలి నువ్వు."

"వచ్చే ఏడు అంకె పెరిగితే మళ్లీ నువ్వే తిడతావు."

"తిడతాను. తిట్టించుకోడానికైనా రా."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"నా కత్తి నేనే తెచ్చుకుంటా. మీ నాన్న కత్తితో ఏనాడూ ఎముక పగిలింది లేదు."