ఎండలో వరద

కిటికీలోంచి చూసి ఎండ కాస్తోందంటావేంటి బాబాయ్! వాన ఇక్కడే పడాలా ఏంటి? పొద్దున్నుంచీ పైన కొండల్లో కుమ్మేస్తోంది. ఆ నీళ్లు మన వాగులోకి కాక ఇంకెక్కడికి పోతాయి చెప్పు?

ఇదిగో, ఫోన్ చూడు. ఎర్రగా ఉందే ఆ అంకె, అదీ వాగు మట్టం. ఎగువ వంతెన కింద మా కాలేజీ పిల్లలం బిగించిన సెన్సర్ ఉందిగా, దానిది. ఎరుపొస్తే నువ్వు సైరన్ మోగించాలి. మోగితే లోతట్టు వీధివాళ్లు మిట్టకి ఎక్కెయ్యాలి. మనం అనుకున్నది అదేగా? మరి సైరన్ పెట్టె తాళంచెవి జేబులో పెట్టుకుని కుర్చీకి అతుక్కుపోయావేం?

ఆర్డరు, ఆర్డరు! మీ ఆఫీసరు సార్ చెప్పందే తియ్యవా? సార్‌కి ఫోన్ చేసీ చేసీ నా వేలు అరిగిపోయింది. ఎత్తరే! ఎలా ఎత్తుతారు, స్టేజీ మీదున్నారుగా. ఏం మాట్లాడుతున్నారో తెలుసా? మా సెన్సర్ గురించే! వెనకాల ఇంత బ్యానరు: యువత, డిజిటల్ టెక్నాలజీ, సుస్థిర అభివృద్ధి అని. లైవ్ వస్తోంది, చూస్తావా? నవ్వకు బాబాయ్, నాకిక్కడ ఒళ్లు మండిపోతోంది.

మా సెన్సర్ చూడ్డానికి విదేశాల వాళ్లొచ్చినప్పుడు సార్ మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టి ఫోటోలు తీయించలేదూ? భవిష్యత్తంతా మీదేనమ్మా అన్నారు. భవిష్యత్తు మా చేతికిచ్చేసి తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. బావుంది కదూ?

తెలుసు. కందిరీగలేగా? నువ్వు పైకి అనకపోయినా నీ మొహంలో కనిపిస్తోంది.

అవును, పోయినసారి సెన్సర్ కింద కందిరీగలు గూడు కట్టాయి. ఆ గూడు దగ్గరగా కనబడేసరికి, నీళ్లే అంత పైకొచ్చాయనుకుంది సెన్సర్. దాన్ని చూసి నేను వరదనుకున్నా. వీధి వీధంతా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. తీరా చూస్తే వాగులో మోకాలు కూడా తడవదు! అప్పట్నుంచీ నా పేరే కందిరీగ అయి కూర్చుంది. కూరగాయల బండాయన కూడా అలాగే పిలుస్తున్నాడు. సార్ కూడా ఇదే సందని, తను చెప్పందే సైరన్ ముట్టుకోకూడదని రూలు పెట్టేశారు. మమ్మల్ని ఒక్క మాట అడిగారా? ఊహూ.

లోతట్టు వీధి గ్రూపులో మెసేజ్ పెట్టా. ఏమొచ్చాయో చూడు. అన్నీ పళ్లికిలించే బొమ్మలే! ఒకాయనైతే "ఈసారి తేనెటీగలా అమ్మా?" అంటాడు. ఈ కిందది ఎవరు పంపారో చదువు. చదువు బాబాయ్! పిన్ని. మీ ఆవిడే, మా పిన్నే! "మిషను మీద పనుందే తల్లీ, నీ వరదని రేపు రమ్మను" అంట.

వాగు గట్టుని ఆనుకునే కదా పిన్ని కుట్టుమిషను గది? ఆ మోకాళ్లతో మెట్లే ఎక్కలేదు. మిట్ట ఎక్కుతుందా?

ఏంటీ, నువ్వెళ్లి తీసుకొచ్చేస్తావా? తీసుకురా. పక్కింట్లో నిన్నగాక మొన్న పుట్టిన పసిపిల్ల ఉంది, దాన్నెవరు తీసుకొస్తారు? ఎదురింట్లో మంచం పట్టిన ముసలాయన్ని? ఒక్కొక్కళ్లనీ భుజానేసుకొస్తావా? ఆ సైరన్ ఉన్నదెందుకు మరి!

ఆఁ? ఫోన్ ఇటివ్వమంటావేంటి? చూపించాగా. టైమా... అంకె పక్కన టైమెందుకు లేదంటే...

ఇవ్వు. ఇటివ్వు బాబాయ్.

సరే. ఆ అంకె సెన్సర్ పంపలేదు. నేనే వేశా. పరీక్షించుకోడానికని చేత్తో వేసే వీలొకటి పెట్టుకున్నాంలే అందులో. సెన్సర్ ఇందాకే మూగబోయింది. ఆగిపోయే ముందు చూపించింది మామూలు నీళ్లే. బ్యాటరీ అయిపోయిందో, వంతెనతో సహా కొట్టుకుపోయిందో, నాకు తెలీదు. ఒట్టు, తెలీదు! వంతెన దగ్గర టీకొట్టాయనకి చేశా, ఆ ఫోనూ పలకట్లేదు. భయమేస్తోంది బాబాయ్.

అబద్ధమాడానని అలా చూడకు. అంకె లేకుండా వచ్చి, నాకు భయంగా ఉంది అంటే లేచేవాడివా నువ్వు? ఎవరు లేస్తారు? ఇదీ వట్టిదే అయితే నేనింక ఈ ఊళ్లో తలెత్తుకోలేను, ఆ సంగతి నాకు తెలీదా? నా చెంప తర్వాత పగలగొట్టు, ముందు పెట్టె తెరువు.

లేచావా? అమ్మయ్య...

అదేంటి? తాళంచెవి బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడతావేంటి?

ఓహో. నువ్వేం చూడలేదు. నీకేం తెలీదు. నీ కళ్లుగప్పి నేనే తీసుకున్నా. అంతేగా?

సర్లే. నీకింకా ఉద్యోగముంది. నా దగ్గర పోడానికి ఏం మిగిలిందని?

చెవులు మూసుకో.